అదనపు పని

రావులపాలెంలో నాది లెక్కలు రాసే ఆఫీసు. జీఎస్టీ రిటర్నులు, ఆదాయపు పన్ను, బ్యాంకు లోన్లకు కావలసిన కాగితాలు చూస్తుంటాను. అరటి గెలల వ్యాపారులు, కొబ్బరి వర్తకులు, కడియం నర్సరీల వాళ్లు, ఆత్రేయపురం పూతరేకుల వాళ్లు వస్తుంటారు. ఇంట్లో మొదలైన చిన్న వ్యాపారం పెరిగేటప్పుడు ఎక్కడ తడబడుతుందో నా బల్ల ముందే చాలాసార్లు చూశాను. సరుకు బాగోక మూతపడ్డవి తక్కువ. ఫోను ఎత్తేవాళ్లు లేక, అడిగినదానికి జవాబు చెప్పేవాళ్లు లేక, ఎవరి డబ్బు వచ్చిందో ఎవరి పార్సిలు వెళ్లిందో తెలియక నలిగిపోయినవే ఎక్కువ. అందుకే ఎవరు సలహా అడిగినా మొదట ఇదే చెబుతాను: రెండో పొయ్యి పెట్టేముందు ఫోను చూసుకునే మనిషిని పెట్టుకోండి. ఆ మనిషి మీ ఊళ్లో ఉండక్కర్లేదు, మీ ఇంటికి రానక్కర్లేదు. తన ఇంట్లో కూర్చుని ఫోనూ కంప్యూటరూ పెట్టుకుని మీ పనంతా చక్కబెట్టే మనుషులు ఇప్పుడు మన జిల్లాల్లోనే ఉన్నారు. వర్చువల్ అసిస్టెంట్ అంటున్నారు. చదువుకుని, ఉద్యోగం చేసి, పెళ్లయ్యాకో పిల్లలు పుట్టాకో మానేసిన ఆడపిల్లలు ఈ పనిలో ఎంత నేర్పు చూపిస్తారో పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

మా పిన్నిది ఆత్రేయపురం. బాబాయి పోయేనాటికి ఇంట్లో ఒక్క పొయ్యి, ఇద్దరు పనివాళ్లు. ఇప్పుడు ఎనిమిది మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. ఆ పని దగ్గరుండి చూడనివాళ్లకు దాని కష్టం చెప్పినా తెలియదు. నానబెట్టిన బియ్యాన్ని పాలలాగా పల్చగా రుబ్బుతారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటాయి. పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగగానే రేకు తయారు. మంట ఒక పిసరు ఎక్కువైనా తక్కువైనా రేకు చెడుతుంది. తర్వాత ఆ రేకుల్ని తడిగుడ్డ మీద మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడత పెట్టాలి. మిషను చేసే పని కాదు. తెల్లవారకముందే మొదలవుతుంది. చేతులు పిండిలో, కళ్లు మంట మీద. అలాంటి మనిషి ఫోను ఎలా ఎత్తుతుంది?

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లలో పడింది, టీవీల్లో వచ్చింది. ఆ ఏడు నుంచి పిన్ని ఫోనుకు ఊపిరి లేదు. హైదరాబాదు, బెంగళూరు వాళ్లు పగలంతా అడుగుతారు. అమెరికాలో ఉన్నవాళ్లు మనకు రాత్రయ్యాక మొదలుపెడతారు. సంక్రాంతి ముందూ, శ్రావణమాసం పెళ్లిళ్లప్పుడూ పొద్దున లేచేసరికి ఫోనులో చదవని మెసేజీలు గుట్టగా ఉండేవి. డబ్బు పంపినవాళ్లకు సరుకు వెళ్లక, సరుకు వెళ్లినవాళ్ల దగ్గర డబ్బు రాక, పిన్ని ఆ సంక్రాంతికి చాలా నష్టపోయింది. అంతకన్నా ఎక్కువగా, మాట పోయిందని బాధపడింది.

పిన్నికి ఒక్కడే కొడుకు. నాకు తమ్ముడు వరస. డల్లాస్‌లో ఉద్యోగం మానేసి సొంతంగా చిన్న సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీ పెట్టాడు. పగలూ రాత్రీ అదే ధ్యాస. తల్లికి వారానికో పదిరోజులకో ఫోను చేసేవాడు. చేసినప్పుడల్లా పిన్ని పొయ్యి దగ్గరే ఉండేది. "తర్వాత మాట్లాడతాను నాన్నా" అనేది. ఆ తర్వాత అనేది వచ్చేసరికి వాడికి అక్కడ మీటింగు.

"పిన్నీ, మనిషిని పెట్టుకో" అన్నాను.

"పూతరేకు చుట్టడం రాని మనిషి నా కొట్టు గురించి ఏం చెబుతుందిరా?" అంది.

"చుట్టక్కర్లేదు. నువ్వు చుట్టినదాని గురించి నీలాగా మాట్లాడగలిగితే చాలు."

తెలిసినవాళ్ల ద్వారా కబురు పెట్టాం. అడిగినవాళ్లు చాలామందే వచ్చారు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే మనిషిని ఎంచుకోవడంలోనే సగం వ్యాపారం ఉంది. డిగ్రీలు, టైపింగు వేగం, ఇంగ్లీషు ఎంత బాగా వచ్చు అన్నవి చూసి తీసుకుంటే మోసపోతాం. చేయబోయే పనిలోంచే ఒక ముక్క తీసి చేయించి చూడాలి. దానికి డబ్బు కూడా ఇవ్వాలి. ఊరికే చేయించుకోవడం మర్యాద కాదు. పిన్ని ఫోనులోని నిజమైన మెసేజీల్లో పన్నెండు ఏరి, పేర్లూ నంబర్లూ తీసేసి, "వీటికి జవాబులు రాసి పంపండి" అని అందరికీ ఇచ్చాం.

అందులో ఒకాయన పెళ్లికి నాలుగు వందల రేకులు ఎంతవుతాయని అడిగాడు, పెళ్లి ఎప్పుడో చెప్పలేదు. ఒకావిడ రేకులు పొడుంపొడుమై వచ్చాయని తిట్టింది. ఒకాయన డబ్బు పంపినట్టు ఫోనులో కనిపించిన బొమ్మ పెట్టి సరుకు పంపమన్నాడు. ఇంకొకాయన నాన్నగారికి షుగరు ఉందనీ, బెల్లం రకమైతే తినొచ్చా అనీ అడిగాడు. ఇలా పన్నెండు.

చాలామంది పన్నెండింటికీ చక్కటి జవాబులు పంపారు. అన్నిట్లోనూ ధన్యవాదాలు, నమస్కారాలు ఉన్నాయి. కాకినాడ నుంచి ఒక అమ్మాయి మాత్రం ఏడు జవాబులూ ఐదు ప్రశ్నలూ పంపింది.

"పెళ్లి తేదీ తెలియకుండా ధర చెప్పలేనండి. ఆ రోజుకి మీ దగ్గర ఎంతమంది పనిలో ఉంటారో తెలియాలి కదా" అని ఒకటి. "డబ్బు పంపినట్టు బొమ్మ పెట్టినవారికి అందిందని నేను రాయకూడదు. అలాంటి బొమ్మలు దొంగవి తయారుచేస్తున్నారు. ఖాతాలో పడిందో లేదో చూసి నాకు చెప్పేది ఎవరండి?" అని ఇంకొకటి. "షుగరు ఉన్నవారు తినొచ్చో లేదో డాక్టరుగారు చెప్పాలి, మనం చెప్పకూడదు. వారిని బాధపెట్టకుండా ఈ మాట అమ్మగారు ఎలా చెబుతారో ఒకసారి వినిపిస్తారా?" అని మరొకటి.

పిన్ని ఆ చివరి ప్రశ్న రెండుసార్లు చదివించుకుంది. "ఈ పిల్లే" అంది.

ఆ అమ్మాయి బీకాం చదివింది. పెళ్లికి ముందు హైదరాబాదులో ఒక కాల్ సెంటరులో పనిచేసింది. మూడేళ్ల బాబు. అత్తగారు బాబును చూసుకునే వేళల్లో పని చేస్తానంది. పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు. నెలకు 12,000. మొదటి నెల ఇద్దరికీ నచ్చితేనే ముందుకు అనుకున్నాం. ఒక కాగితం రాసుకున్నాం. ఏ పనులు చేస్తుంది, ఏ వేళల్లో చేస్తుంది, ఏ విషయంలో తనే నిర్ణయం తీసుకోవచ్చు, ఏ విషయంలో అమ్మగారిని అడగాలి, కొనేవాళ్ల చిరునామాలూ నంబర్లూ బయటికి పోకూడదు, మానేస్తే అన్నీ తిరిగి అప్పగించాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. చట్టం లేకపోయినా, పండక్కి స్వీటు తెప్పించుకోవడానికి ఇచ్చిన చిరునామా ఇంకెవరి చేతుల్లోనో పడటం ఎంత అన్యాయమో ఒక్కసారి ఆలోచించాలి.

తాళంచెవులు ఎంతవరకు ఇవ్వాలన్నదీ ముఖ్యమే. వాట్సాప్ బిజినెస్‌ను ఆమె కంప్యూటరుకు జోడించాం. ఫోను పిన్ని దగ్గరే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ జోడింపు తీసేయవచ్చు. బ్యాంకు పాస్‌వర్డు ఇవ్వలేదు, ఓటీపీ ఇవ్వలేదు, యూపీఐ పిన్ను అసలే ఇవ్వలేదు. ఖాతాలో ఎవరి డబ్బు పడిందో నా ఆఫీసువాళ్లు రోజుకు రెండుసార్లు జాబితా పంపుతారు, దాన్ని బట్టి ఆమె ఆర్డర్లు ఖాయం చేస్తుంది. మనిషి మీద నమ్మకం లేక కాదు ఇదంతా. రేపు ఎక్కడైనా రూపాయి తేడా వస్తే ఆ అమ్మాయి మీద అనుమానం పడకూడదని. వ్యాపారానికి వేరే నంబరు తీసుకోమని కూడా పిన్నికి చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "అందరికీ తెలిసిన నంబరురా ఇది. వీడికీ ఇదే, ఊరికీ ఇదే" అంది. వీడంటే కొడుకు.

పని మొదలుపెట్టిన వారంలోనే తేడా కనిపించింది. ప్రతి ఆర్డరుకూ ఒక గుర్తు పెట్టింది: కొత్తది, డబ్బు రావాలి, డబ్బు వచ్చింది, పార్సిలు వెళ్లింది. పిన్ని ఖాళీ దొరికినప్పుడు ఫోనులో మాట్లాడి పంపిన గొంతును విని, అచ్చం ఆ మాటలతోనే జవాబులు తయారుచేసి పెట్టుకుంది. రేకులు పొడుమయ్యాయని తిట్టినావిడకు వెళ్లిన జవాబు నాకు గుర్తుంది: "అమ్మా, ఎంత ఆశపడి తెప్పించుకున్నారో. మళ్లీ పంపుతున్నాను, ఈసారి మధ్యలో అట్ట పెట్టి సర్దుతాను." పిన్ని నోట వచ్చే మాటే. ఆవిడ ఇప్పటికీ ప్రతి పండక్కీ పిన్ని దగ్గరే తీసుకుంటుంది.

అమెరికా పార్సిళ్ల సంగతి ఇంకా గొప్పది. ఇన్నాళ్లూ కొరియరు వాళ్లు అడిగినంతా ఇచ్చాం. ఆ అమ్మాయి పెట్టె కొలతలు అడిగింది. పూతరేకులు తేలిక, కానీ చోటు ఎక్కువ తీసుకుంటాయి. విదేశాలకు పంపే కొరియర్లు అసలు బరువు ఒకటి చూస్తాయి, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చే బరువు ఇంకొకటి చూస్తాయి. ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. మన పెట్టె 40, 30, 25. లోపల సరుకు మూడున్నర కిలోలే, డబ్బు ఆరు కిలోలకు కడుతున్నాం. "ఎత్తు 18కి తగ్గించి బల్లపరుపుగా సర్దితే నాలుగున్నర కిలోలకు దిగుతుందండి, రేకులూ తక్కువ విరుగుతాయి" అని రాసింది. కాకినాడలో కూర్చుని, మా ఆత్రేయపురం పెట్టెను ఒక్కసారైనా చేత్తో పట్టుకోకుండా. లెక్కలే వృత్తిగా బతుకుతున్న నాకు ఆ రోజు ఆ అమ్మాయి మీద కలిగిన గౌరవం చెప్పలేనిది.

పిన్ని ఆ అమ్మాయి గురించి చెప్పని మనిషి లేరు. మండపేటలో చీరల కొట్టు నడిపే స్నేహితురాలికి చెప్పింది, రాజమండ్రిలో పచ్చళ్లు పెట్టే ఆడపడుచుకి చెప్పింది, ఫోను చేసినప్పుడు కొడుక్కి చెప్పింది, నెయ్యి తెచ్చే ఆయనకు కూడా చెప్పింది. ఆ మాటల మీదే ఆమెకు ఇంకొందరి పనులు దొరికాయి. చేతికి నాలుగు డబ్బులు వస్తున్నాయంటే నాకూ సంతోషమనిపించింది.

నంబరు ఒక్కటే కాబట్టి కొడుకు మెసేజీలూ ఆ అమ్మాయి కంటబడేవి. మొదట్లో ఆమె వాటిని ముట్టుకోలేదు. "అబ్బాయిగారు భోంచేశారా అని అడిగారండి" అని పిన్నికి ఫోను చేసి చెప్పేది. పిన్ని పొయ్యి ముందు కూర్చుని, "తిన్నానని చెప్పు తల్లీ. వాణ్ణి తిన్నాడో లేదో అడుగు" అనేది. కొన్నాళ్లకు ఆ ఫోను కూడా అక్కర్లేకపోయింది. తిన్నాను నాన్నా, మాత్ర వేసుకున్నాను నాన్నా, నువ్వు వేళకు పడుకో. ఈ మాటలు పిన్ని చెప్పినా ఇవే, చెప్పకపోయినా ఇవే.

ఆ దసరా తర్వాత తమ్ముడిలో మార్పు వచ్చింది. ఫోన్లు బాగా తగ్గాయి గానీ, మెసేజీ మాత్రం రోజూ వచ్చేది. పొద్దున సరిగ్గా ఏడున్నరకు. అమ్మా లేచావా, అమ్మా మాత్ర వేసుకున్నావా, అమ్మా ఇవాళ ఎన్ని ఆర్డర్లు. దీపావళికి చీర పంపాడు, పిన్నికి ఇష్టమైన ముదురాకుపచ్చ రంగు. కార్తీకమాసంలో "సోమవారాలు ఉపవాసం ఉంటున్నావా, పొయ్యి దగ్గర కళ్లు తిరుగుతాయి, కాస్త పాలైనా తాగు" అని పెట్టాడు. పిన్ని ఆ మెసేజీ నాకు చూపించింది.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి అక్కడి ఆర్డర్లన్నీ మనకు గంట ఆలస్యంగా వస్తాయి. మా లెక్కల్లో ఆ తేడా ఏటా కనిపిస్తుంది. కొడుకు మెసేజీ మాత్రం ఏడున్నరకే వచ్చింది.

"చూశావా, వాళ్లకి టైము మారినా నాకు టైము మార్చలేదురా వాడు" అంది పిన్ని.

నాకూ ముచ్చటేసింది. దూరాన ఉన్న పిల్లల గురించి మనం తొందరపడి ఒక మాట అనేస్తాం గానీ, ఎవరి మనసులో ఏముందో అనిపించింది.

బాబాయి తద్దినం మాఘ బహుళ విదియ. కొడుకు దగ్గర లేడు కనుక పిన్ని ఆ రోజు స్వయంపాకం ఇచ్చి, గుడికి వెళ్లి వస్తుంది. వ్యాపారం పొయ్యి వెలిగించదు. ఆ రోజు ఆర్డర్లు తీసుకోవద్దని ముందే ఆ అమ్మాయికి చెబుతుంది. తమ్ముడికి తండ్రి పోయిన ఇంగ్లీషు తేదీ గుర్తుంటుందేమో గానీ, తిథి ఏ ఏడు ఏ రోజున వస్తుందో ఎప్పుడూ గుర్తులేదు. బాబాయి పోయిన దగ్గర్నుంచీ ఆ రోజున వాడు ఫోను చేసిన పాపాన పోలేదు. పిన్ని ఆ మాట ఎవరితోనూ అనేది కాదు గానీ, సాయంత్రం దాకా ఫోను పక్కన పెట్టుకుని కూర్చునేది.

ఆ ఏడు తిథి ఫిబ్రవరిలో వచ్చింది. నేను మధ్యాహ్నం వెళ్లాను. పిన్ని గుడినుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. ఫోను నా చేతికిచ్చింది.

"అమ్మా, ఇవాళ నాన్న తిథి కదా. స్వయంపాకం ఇచ్చావా? నువ్వు ఏమైనా తిన్నావా? నేను అక్కడ ఉండాల్సింది."

"వాడు తిథి గుర్తుపెట్టుకున్నాడురా" అంది పిన్ని. అని చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్ల తర్వాత కొడుకు తండ్రిని తలుచుకున్నాడన్న సంతోషంతో నోట మాట రాలేదనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి ఒక కొత్త అలవాటు వచ్చింది పిన్నికి. ఏడున్నరయ్యేసరికి పొయ్యి ఇంకొకరికి అప్పగించి, చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ఆ ఒక్క మెసేజీకి జవాబు తనే రాసేది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చాలాసేపు. పనివాళ్లు కూడా ఆ పావుగంటా ఆమెను పిలిచేవాళ్లు కాదు. కొడుకు మెసేజీలు కూడా ముందుకంటే పెద్దవయ్యాయి. చిన్నప్పుడు కాలవలో ఈత నేర్చుకున్న సంగతి, రేకు విరిగిన ముక్కల కోసం పొయ్యి చుట్టూ తిరిగిన సంగతి, బాబాయి సైకిలు సంగతి. పిన్ని వాటిని పనివాళ్లకు చదివి వినిపించేది.

ఆ నెల లెక్కలు రాసేటప్పుడు అసిస్టెంటు జీతం 12,000 బదులు 12,500 కనిపించింది. "జీతం పెంచావా పిన్నీ?" అని అడిగాను.

"జీతం అంతే. ఐదొందలు వేరే రాయి."

"ఏమని రాయను?"

కాసేపు ఆలోచించింది. "అదనపు పని అని రాయి. అదేమిటో ఆ పిల్లకీ నాకూ తెలుసు" అంది.

అలాగే రాశాను. మార్చిలో రాశాను, ఏప్రిల్లో రాశాను, ప్రతి నెలా రాశాను.

జులైలో ఆ అమ్మాయి ఫోను చేసింది. తన సంపాదనకు ఆదాయపు పన్ను రిటర్ను వేయాలట, నన్నే చూడమంది. బ్యాంకు స్టేట్‌మెంటు, తను ఇచ్చిన బిల్లుల కాపీలు అన్నీ పంపింది. ఎంత పద్ధతిగా ఉన్నాయంటే, నా ఆఫీసులో పిల్లలకు చూపించాను, కాగితాలంటే ఇలా ఉండాలని. ఆత్రేయపురం బిల్లు, మండపేట బిల్లు, రాజమండ్రి బిల్లు. అక్టోబరు నుంచి ప్రతి నెలా డాలర్లలో ఒక జమ ఉంది. విదేశాల నుంచి వచ్చిన సొమ్ముకు కాగితం సరిగ్గా ఉండాలి కాబట్టి ఆ బిల్లు తెరిచాను.

బిల్లు మా తమ్ముడి కంపెనీ పేరు మీద ఉంది.

అందులో నాలుగు పద్దులున్నాయి. మీటింగుల వేళలు చూడటం. ఈమెయిళ్లు సర్దటం. ఖాతాదారుల బిల్లులు పంపటం. నాలుగోది, నెలకు 40 డాలర్లు: తల్లిగారికి రోజూ ఉదయం 7.30కు మెసేజీ, పండుగలకు కానుకలు, ఇతర ముఖ్యమైన తేదీలు.

మళ్లీ చదివాను. ఫోను తీసి ఆ అమ్మాయికి చేశాను. కోపంగానే అడిగాను. ఆమె దేన్నీ దాచలేదు.

"అమ్మగారే నా నంబరు వారికి ఇచ్చారండి. మొదట ఆఫీసు పనులే చేశాను. రెండు వారాలయ్యాక, అమ్మకి మెసేజీ పెట్టడం కుదరడం లేదు, అదీ నువ్వే చూడు అన్నారు. నేను వద్దన్నానండి. అమ్మగారి దగ్గర కూడా నేనే పనిచేస్తున్నాను, బాగుండదు అన్నాను. అయితే ఇంకా మంచిది, ఆవిడ అలవాట్లన్నీ నీకు తెలుసు కదా అన్నారు."

నాకు మాట రాలేదు.

"ఒక పక్క నుంచి లేచావా అమ్మా అని నేనే రాసి, ఇంకో పక్క నుంచి లేచాను నాన్నా అని నేనే రాసేదాన్నండి. నిద్రపట్టేది కాదు. మానేస్తే ఆ ఇంటికి ఒక్క మాటైనా వెళ్లదేమోనని భయమేసేది."

"మా పిన్నికి ఈ సంగతి ఎప్పటికీ తెలియకూడదమ్మా" అన్నాను.

"తెలుసండి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. తిథి రోజు మెసేజీ చూడగానే తెలిసిపోయింది. మీరు వెళ్లాక సాయంత్రం నాకు ఫోను చేశారు. ఈ ఏడు తిథి ఎప్పుడో నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదమ్మా అన్నారు. నేను ఏడ్చేశానండి. రెండు చోట్లా పని మానేస్తానన్నాను."

"ఏమంది?"

"మానొద్దన్నారు. వాడికి నాకు తెలిసిపోయినట్టు చెప్పొద్దన్నారు."

నా ముందు బల్ల మీద పిన్ని లెక్కల పుస్తకం తెరిచే ఉంది. ఫిబ్రవరి పేజీ. అప్పుడు అడిగాను.

"మరి ఆ ఐదొందలు దేనికమ్మా?"

ఆ అమ్మాయి కాసేపు ఊరుకుంది.

"వాడి మెసేజీలు మరీ పొట్టిగా ఉంటున్నాయి, వాడి తరఫున రాసేటప్పుడు ఇంకో రెండు మాటలు ఎక్కువ రాయమ్మా, ఆ రెండు మాటలకీ డబ్బు నేనిస్తాను అన్నారండి."